సాయంత్రానికే బాగైపోయిన కారు

ఏప్రిల్ ఎండలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా కారు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు జరుగుతోంది. ఏసీ వేస్తే ఇంకా తొందరగా. ఓనరు వీధి చివరి షెడ్డుకు తీసుకెళ్తాడు. మెకానిక్ బానెట్ ఎత్తి, రేడియేటర్ గొట్టం విప్పి, లోపలి నుంచి అరచేతిలో పట్టేంత లోహపు బిళ్ళ ఒకటి తీసి చూపిస్తాడు. "ఇదే సార్ నీళ్ళకు అడ్డం పడుతోంది. మన ఎండలకు ఇది అక్కర్లేదు, చలి దేశాల కోసం పెట్టింది" అంటాడు. మూడు నాలుగు వందలు తీసుకుంటాడు. సాయంత్రానికి ముల్లు సగానికి కూడా లేవదు. ఓనరుకు ఆ మెకానిక్ మీద గురి కుదురుతుంది.

ఆ బిళ్ళ పేరు థర్మోస్టాట్ వాల్వు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ అది మూసుకుని, నీళ్ళను రేడియేటర్‌లోకి పోనివ్వదు. వేడి 80–90 డిగ్రీలకు చేరాక దానిలోని మైనం కరిగి, ఉబ్బి, దారి తెరుస్తుంది. ఇంజిన్ మరీ వేడెక్కకూడదు, మరీ చల్లగానూ ఉండకూడదు. ఆ కాపలా కోసమే అది అక్కడుంది. దాన్ని పీకేస్తే హైవే మీద ఇంజిన్ తనకు కావాల్సిన వేడికి చేరదు. కారులోని కంప్యూటర్ ఇంజిన్ ఇప్పుడే స్టార్టయిందని లెక్కేసుకుని పెట్రోలు ఎక్కువగా వదులుతూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పలచబడుతుంది, బేరింగులు అరగడం మొదలవుతుంది. కొన్ని ఇంజిన్లలో రేడియేటర్‌ను తప్పించే బైపాస్ దారిని మూసే పని కూడా ఈ వాల్వుదే. అది లేకపోతే కొన్ని నీళ్ళు రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగొస్తాయి. అప్పుడు కొండ ఎక్కేటప్పుడు కారు మునుపటికంటే ఎక్కువ కాగుతుంది.

ఇంతా చేస్తే అసలు జబ్బు అక్కడే ఉంది. బోరు నీళ్ళు పోసిపోసి సున్నం పేరుకున్న రేడియేటర్, తిరగని ఫ్యాను, అరిగిన వాటర్ పంపు, చిట్లిన హెడ్ గ్యాస్కెట్, వీటిలో ఏదో ఒకటి. ఊళ్ళో ఆర్‌ఎంపీ జ్వరానికి వేసే స్టెరాయిడ్ ఇంజక్షన్ లాంటి రిపేరు ఇది. రోగి లేచి నడుస్తాడు, డాక్టరుకు పేరొస్తుంది, రోగం లోపల తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

చవక మెకానిక్ వల్ల వచ్చే ముప్పు గురించి మాట్లాడేటప్పుడు జనం ఎక్కువగా మోసం గురించే చెప్పుకుంటారు. మంచి సామాను తీసి పాతది వేశాడు, వేయని ఆయిల్‌కు డబ్బు తీసుకున్నాడు, ఇలాంటివి. అలాంటి వాళ్ళు లేకపోలేదు. కానీ కారునూ మనిషినీ ఎక్కువగా దెబ్బతీసేది నిజాయితీగా, నమ్మకంగా చేసిన తప్పు పని. థర్మోస్టాట్ పీకిన మెకానిక్ ఓనర్ని మోసం చేయలేదు. తనకు ఎవరో నేర్పింది చేశాడు. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు, ఒక్కరూ వచ్చి గొడవ పెట్టుకోలేదు.

గొడవ ఎందుకు రాలేదన్నది కాస్త ఆలోచించాల్సిన విషయం. షెడ్డులో చదువు చెప్పేది వెనక్కి వచ్చిన బండే. క్లచ్ సరిగ్గా కూర్చోకపోతే ఓనరు ఇల్లు చేరకముందే తెలిసిపోతుంది. వైపర్ తప్పుగా బిగిస్తే మొదటి వానకే తెలుస్తుంది. పంక్చర్ సరిగ్గా వేయకపోతే పొద్దునే టైరులో గాలి దిగి ఉంటుంది. బండి వెనక్కి వస్తుంది, మెకానిక్ తిట్లు తింటాడు, మళ్ళీ ఆ తప్పు చేయడు. ఇలా నేర్చుకున్న పనుల్లో మన షెడ్డు మెకానిక్కులు నిజంగా ఘనులు. బేరింగ్ పోయిందో, సీవీ జాయింట్ పోయిందో వీధి మలుపులోనే చప్పుడు విని చెప్పగలవాళ్ళున్నారు. కానీ ఎనిమిది నెలలకో రెండేళ్ళకో బయటపడే తప్పు ఆ షెడ్డుకు తిరిగి రాదు. అప్పటికి కారు చేతులు మారి ఉంటుంది, లేదా టో వ్యాను అటు నుంచి అటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తుంది. పాత రిపేరుకూ కొత్త చావుకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. అందుకే ఇరవై ఏళ్ళ అనుభవం కొన్ని పనులకు గట్టి హామీ, కొన్ని పనులకు ఇరవై ఏళ్ళ అలవాటు మాత్రమే.

పెద్దపెద్ద ఆటోనగర్‌లనూ, వీధి షెడ్లనూ ఒకే గాటన కట్టకూడదని కూడా చెప్పుకోవాలి. విజయవాడ జవహర్ ఆటోనగర్ మొదలుకుని గుంటూరు, విశాఖ దాకా ఉన్న ఆటోనగర్లలో ఒక్కో పనికి ఒక్కో మనిషి ఉంటాడు. ఇంజిన్ హెడ్డు పనివాడు వేరు, రేడియేటర్‌వాడు వేరు, ఎలక్ట్రీషియన్ వేరు. పంపు నాజిల్ పనికి ప్రత్యేకంగా మెషీన్లున్న షాపులుంటాయి. తన పని కానిది పక్కవాడికి పంపుతారు. ముప్పంతా అన్నీ నేనే చేస్తాననే ఒంటరి షెడ్డుతోనే. అక్కడ పిల్లాడు పానాలు అందిస్తూ, డీజిల్‌లో సామాన్లు కడుగుతూ చేరతాడు. పని నేర్పే పెద్దను హైదరాబాద్‌లో అయితే ఉస్తాద్ అంటారు, కోస్తాలో మేస్త్రీ అంటారు, ఆయన చేయి చూసి నేర్చుకుంటాడు. ఆ మేస్త్రీ నేర్చుకున్నది అంబాసిడర్ మీద, పద్మినీ మీద, కార్బొరేటర్ ఉన్న మారుతీ 800 మీద. ఐటీఐలో రెండేళ్ళ మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు ఉంది గానీ, అది చదివినవాళ్ళు ఎక్కువగా కంపెనీల వైపు, పెద్ద సర్వీస్ సెంటర్ల వైపు పోతారు. షెడ్డుకు వచ్చేది చదువు మానేసినవాడు.

ఇక బ్రేకుల సంగతి. మన వాడుక మాటే ఇక్కడ దారి తప్పిస్తుంది. "బ్రేక్ ఆయిల్" అంటాం గానీ అది నూనె కాదు. కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి ద్రవాలు. నూనెకు పూర్తిగా విరుద్ధమైన గుణం వీటిది, గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ కనీసం 155కు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. అందుకే చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి. షెడ్డులో మాత్రం దాన్ని మార్చరు, తగ్గితే పోస్తారు. ఆ పోసే డబ్బా కూడా మూత సరిగ్గా లేకుండా అలమరలో వానాకాలమంతా ఉన్నదే.

ఊళ్ళో తిరిగినంత కాలం దీనివల్ల ఏమీ కాదు. పెడల్ మామూలుగానే ఉంటుంది. కారు అరకు ఘాట్ దిగేటప్పుడో, శ్రీశైలం రోడ్డులోనో, తిరుమల నుంచి కిందికి వచ్చేటప్పుడో లెక్క మారుతుంది. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాన్లు, మలుపు మలుపుకూ బ్రేకు. బ్రేకు డిస్కు వేడి ప్యాడ్ల మీదుగా వాటిని నొక్కే క్యాలిపర్‌లోకి, అక్కడి నుంచి ద్రవంలోకి పోతుంది. తేమ పట్టిన ద్రవం మరిగి ఆవిరి బుడగలు లేస్తాయి. ద్రవం అణగదు, ఆవిరి అణుగుతుంది. పెడల్ తొక్కితే ఆ బుడగలు నొక్కుకుపోతాయి తప్ప చక్రం ఆగదు, కాలు నేలదాకా దిగిపోతుంది. పది నిమిషాలు ఆగితే ద్రవం చల్లారి పెడల్ మళ్ళీ గట్టిపడుతుంది. ప్రమాదం జరిగాక బండిని చూసినవాళ్ళకు బ్రేకులు బాగానే కనిపిస్తాయి. "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని డ్రైవర్ చెప్పిన మాటను చాలాసార్లు సాకు కింద తీసిపారేయడానికి ఇదొక కారణం అయ్యుండొచ్చు.

పేరు చేసే మోసం ఇంకోటుంది. ఆయిల్ అన్నారు కదా అని పవర్ స్టీరింగ్ ఆయిలో, మరో హైడ్రాలిక్ ఆయిలో పోసేస్తారు. బ్రేకుల్లోని రబ్బరు సీళ్ళు గ్లైకాల్ కోసం చేసినవి. పెట్రోలియం నూనె తగిలితే అవి ఉబ్బుతాయి. పెడల్ తొక్కినప్పుడు ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్‌లో అది వెనక్కి రావాల్సిన రంధ్రం మూసుకుపోతుంది, బ్రేకులు పట్టుకుని వదలవు. అప్పుడు ద్రవం మారిస్తే చాలదు, ఆ వ్యవస్థలో ఉన్న రబ్బరు సామాను మొత్తం మార్చాలి. కొన్ని వందల పనికి వేలల్లో శిక్ష.

ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్‌ను బ్రేకు గొట్టానికే వేలాడదీయడం చాలా షెడ్లలో కనిపించే దృశ్యం. బయట రబ్బరు చెక్కుచెదరదు, లోపలి పొర చిట్లుతుంది. ఒక్కోసారి ఆ పొర వాల్వులా అడ్డుపడి ఒకవైపు చక్రం మాత్రమే పట్టుకుని ఉంటుంది, కారు పక్కకు లాగుతుంది. అలైన్‌మెంట్ అనుకుని ఓనరు టైర్ల షాపు చుట్టూ తిరుగుతాడు. చక్రాల నట్ల కథ ఇంకా మామూలుది. చిన్న కార్లకు సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. దాన్ని కొలిచే టార్క్ రెంచి షెడ్లలో అరుదు. స్పానర్ మీద కాలు పెట్టి ఎక్కి తొక్కడమే కొలత. ఎక్కువ బిగిస్తే స్టడ్లు సాగుతాయి, డిస్కు వంకరపోయి బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. అలా బిగించిన నట్లను రాత్రిపూట హైవే పక్కన స్టెప్నీ మార్చుకునేవాడు ఇప్పలేడు.

ఇంజిన్ దగ్గరికొస్తే టైమింగ్ బెల్టు పని చూడాలి. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టునూ, వాల్వులను కదిపే క్యామ్ షాఫ్టునూ ఒక తాళంలో నడిపేది ఈ బెల్టు. కొన్ని ఇంజిన్లలో దీని బదులు చైను ఉంటుంది. బెల్టు తెగితే చాలా ఇంజిన్లలో పైకొచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును కొడుతుంది, వాల్వులు వంగిపోతాయి. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. మార్చేటప్పుడు రెండు షాఫ్టులనూ కదలకుండా లాక్ చేసే పనిముట్లు కావాలి. అవి లేని షెడ్డులో వైట్‌నర్‌తో గుర్తులు పెట్టుకుని పాత బెల్టు తీసి కొత్తది వేస్తారు. చాలాసార్లు అది సరిగ్గానే కూర్చుంటుంది కూడా, చేతి నైపుణ్యం తక్కువేమీ కాదు. అసలు లోపం డబ్బు ఆదా పేరుతో బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్‌నూ, అదే బెల్టుతో తిరిగే వాటర్ పంపునూ పాతవే ఉంచేయడంలో ఉంది. ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత పాత టెన్షనర్ బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టే తెగుతుంది. "మొన్ననే మార్పించాం కదా" అన్న ధైర్యంతో ఓనరు ఆ భాగాన్ని అనుమానించడు.

ఇంజిన్ ఆయిల్‌లో ఒక వింత కేసు ఉంది. ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌లో 2013 నుంచి వచ్చిన 1.0 లీటర్ ఎకోబూస్ట్ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు బయట పొడిగా కాకుండా ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. సరైన ఆయిల్ పోయకపోతే, లేదా సమయానికి మార్చకపోతే ఆ బెల్టు మెత్తబడి పొట్టు రాలుతుంది. ఆ పొట్టు ఆయిల్ పంపు జల్లెడలో అడ్డుపడి ఇంజిన్‌కు ఆయిల్ అందదు. పాత మేస్త్రీ సూత్రం ప్రకారం కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్‌కు చిక్కటి ఆయిల్ పోయాలి, అప్పుడు చప్పుడు తగ్గుతుంది. అంబాసిడర్‌కు ఆ సూత్రం పనికొచ్చింది. 5డబ్ల్యూ-30 లాంటి పలచటి ఆయిల్ కోసం చేసిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే చప్పుడు నిజంగానే తగ్గొచ్చు, కానీ పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో సన్నటి దారుల్లోకి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. ఇంజిన్‌లోకి గాలిని నెట్టడానికి నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో ఉన్న కార్లలో ఆ ఆలస్యం ఖరీదైనది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలతో వచ్చిన డీజిల్ కార్లకు మరో తలనొప్పి తోడైంది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసిని కారే అప్పుడప్పుడు కాల్చేసుకుంటుంది. కానీ మామూలు ఆయిల్‌లోని రసాయనాల వల్ల వచ్చే బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువ వచ్చే ప్రత్యేకమైన ఆయిల్ చెప్తారు. బ్రాండు మంచిదే, డబ్బా సీలు తీయనిదే, కానీ రకం తప్పు. ఫిల్టర్ నిండిపోయాక షెడ్డు ఇచ్చే సలహా దాన్ని కోసి పడేసి కంప్యూటర్‌లో ఆ లైటు రాకుండా చేయించుకోమని. పికప్ పెరుగుతుంది, అందులో అబద్ధం లేదు. అయితే అనుమతి లేని మార్పు చేయించిన ఓనరుకు మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మెకానిక్ పేరు ఎక్కడా ఉండదు, ఆర్సీ మీద ఉన్నది ఓనరు పేరే.

లైట్ల దగ్గర లెక్క సులువు, ఫలితం మాత్రం మంట. మామూలు హాలోజన్ బల్బు 60/55 వాట్లు. వెలుతురు చాలట్లేదంటే షెడ్డులో 100/90 వాట్ల బల్బులు పెడతారు. 12 వోల్టుల దగ్గర రెండు బల్బుల హైబీమ్‌కు 10 ఆంపియర్లు పోయే తీగలో ఇప్పుడు 17 దాకా పోతాయి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు మూడు రెట్లవుతుంది. రిలే పెట్టి, లావు తీగ లాగి చేస్తే ఇబ్బంది లేదు, కానీ దానికి మరో గంట పని. దాని బదులు పాత తీగకే అతుకు వేసి టేపు చుడతారు. ఫ్యూజు పోతూ ఉంటే పెద్ద ఫ్యూజు వేస్తారు, మరీ తెగించినవాళ్ళు రాగి తీగ చుడతారు. ఫ్యూజు ఉన్నదే ముందు తను చావడానికి. దాన్ని చావనివ్వకపోతే తర్వాత కాలేది తీగ, ఆ పైన కారు. మే నెలలో రోడ్డు పక్క తగలబడిన కారు వార్త వచ్చినప్పుడల్లా ఎండల గురించే మాట్లాడుకుంటాం. నలభై అయిదు డిగ్రీల ఎండకు మంచి వైరింగ్ తగలబడదు, అతుకుల వైరింగ్‌కు ఆ ఎండ తోడవుతుంది.

ఎయిర్‌బ్యాగ్ లైటు అంతకంటే పాడు విషయం. 2019 జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, 2021 చివరి నుంచి పక్క సీటుకూ ఎయిర్‌బ్యాగ్ మన దేశంలో తప్పనిసరి. ఒకసారి పేలిన బ్యాగు మార్చాలంటే బ్యాగుతో పాటు కంట్రోల్ యూనిట్, కొన్నిసార్లు డ్యాష్‌బోర్డు, సీటుబెల్టులు కూడా మార్చాలి. ఖర్చు చూసి కొందరు ఖాళీ మూత బిగించి, ఆ సర్క్యూట్‌లో చిన్న రెసిస్టర్ పెట్టి, బ్యాగు ఉందని కంప్యూటర్‌ను నమ్మిస్తారు. డ్యాష్‌బోర్డులో లైటు మామూలుగా వెలిగి ఆరిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఆ కారు కొనుక్కున్నవాడికి తెలిసే మార్గమే లేదు. ఇంతసేపూ చెప్పుకున్న తప్పుల్లో చాలావరకు తెలియక చేసినవి, ఇది మాత్రం తెలిసి చేసేది. దీన్ని రిపేరు అనకూడదు.

ఏసీ విషయంలోనూ మాటే మోసం చేస్తుంది. "గ్యాస్ అయిపోయింది" అంటాం, వంటగ్యాస్ సిలిండర్ అయిపోయినట్టు. ఏసీ గ్యాస్ ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు వెతక్కుండా, వ్యాక్యూమ్ పంపుతో గాలీ తేమా లాగకుండా గ్యాస్ నింపితే లోపల మిగిలిన తేమ కంప్రెసర్‌ను తినేస్తుంది. కారు ఏసీల్లో వాడే ఆర్-134ఏ గ్యాస్ బదులు మండే హైడ్రోకార్బన్ గ్యాస్ కలిపి నింపేవాళ్ళూ ఉన్నారు, చల్లదనం బాగానే ఉంటుంది. సీఎన్‌జీ కిట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. టైరులో గాలి ఒత్తిడికి తొంభై రెట్లు, 200 బార్ ఒత్తిడితో గ్యాస్ నిండే సిలిండర్ అది. మూడేళ్ళకోసారి పరీక్ష చేయించాల్సిన ఆ వస్తువును ఆర్సీలో ఎక్కించకుండా షెడ్డులో పెట్టించుకుంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మొదట అడిగేది ఆ కాగితమే.

ఇదంతా ఎలా సాగిపోతోందంటే, ఆపేది ఏదీ లేదు గనక. కారు నడపడానికి లైసెన్సు కావాలి. దాని బ్రేకులు విప్పడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. లారీ, టాక్సీ, బస్సు అయితే ఫిట్‌నెస్‌కు వెళ్ళాలి. సొంత కారుకు కొన్న రోజు నుంచి పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయ్యేదాకా బ్రేకులు చూసేవాడుండడు. మధ్యలో జరిగేది పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే, అది పొగ గొట్టాన్ని చూస్తుంది. షెడ్డుకు తిరిగి రాని తప్పును పట్టుకోగల రెండో కన్ను ఇక్కడ లేదు.

తప్పంతా షెడ్డుదే అంటే అన్యాయం. వైరింగ్ చిత్రాలు, స్కానర్లు, ఒరిజినల్ సామాన్లు బయటివాళ్ళకు అందకుండా చాలాకాలం పట్టుకున్నది కంపెనీలే. ఈ కారణం మీదే 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. స్వతంత్ర మెకానిక్కులకు సామానూ సమాచారమూ అందుబాటులో ఉంచమని చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాలూ ఉన్నాయి. కానీ ఇంగ్లిష్ మాన్యువల్ ఒకటి పోర్టల్‌లో ఉన్నంత మాత్రాన అది షెడ్డులోని కుర్రాడి చేతికి అందినట్టు కాదు. పైగా కొన్ని కంపెనీలు కార్లు అమ్మి వెళ్ళిపోయాయి. షెవర్లే 2017 చివరికి అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది, డాట్సన్ 2022లో ఆగింది. సర్వీస్ సెంటర్ దూరమైన కొద్దీ ఆ ఓనర్లు పక్క షెడ్డుకే వస్తారు. ఎకోబూస్ట్ లాంటి సున్నితమైన ఇంజిన్ సరిగ్గా ఎవరికి తెలియదో వాళ్ళ చేతుల్లోకే వెళ్తుంది.

మనం డబ్బు ఇచ్చే తీరులో కూడా పెద్ద లోపం ఉంది. సామాను మారిస్తే డబ్బిస్తాం, ఆలోచిస్తే ఇవ్వం. ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి చూస్తారు, పీ0171 అని వస్తుంది. ఇంజిన్‌లో పెట్రోలు పాలు తక్కువై గాలి పాలు ఎక్కువైందని దాని అర్థం. ఎందుకు ఎక్కువైందో అది చెప్పదు. చిరిగిన చిన్న రబ్బరు గొట్టం కావచ్చు, మురికి పట్టిన గాలి సెన్సర్ కావచ్చు, పెట్రోలు పంపు బలహీనపడి ఉండొచ్చు. వెతకడానికి రెండు గంటలు పడుతుంది. రెండు గంటలు వెతికి యాభై రూపాయల గొట్టం మార్చిన మెకానిక్ వెయ్యి రూపాయలు అడిగితే ఓనరు గొడవ పడతాడు. వెతక్కుండా ఆక్సిజన్ సెన్సర్ మార్చి ఏడు వేలు అడిగితే బేరమాడి ఆరున్నరకు ఇచ్చేస్తాడు, చేతిలో కొత్త డబ్బా కనిపిస్తుంది గనక. లేబర్ చవక అనిపించే షెడ్డు సామాను మీద కమీషన్‌తో బతుకుతుంది. డూప్లికేట్ సామానుకు కమీషన్ ఎక్కువ. అందుకే తక్కువ లేబర్ అన్నది బిల్లులో ఒక వరుస మాత్రమే, మిగతా వరుసలు చూడాలి, అసలు బిల్లంటూ ఉంటే. బిల్లు లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ముందు నిలబడ్డా ఆ షెడ్డులో ఫలానా పని చేయించినట్టు రుజువు చేయడం కష్టం.

కంపెనీ సర్వీస్ సెంటర్ అయితే అన్నీ సవ్యంగా ఉంటాయా అంటే అదీ లేదు. అక్కర్లేని క్లీనింగ్ ప్యాకేజీలు అంటగట్టడం, అప్రెంటిస్ కుర్రాడితో పని చేయించడం అక్కడా మామూలే. తేడా ఏమిటంటే అక్కడ జాబ్ కార్డు ఉంటుంది, ఏ ఆయిల్ ఏ రోజున పోశారో రాసి ఉంటుంది. ఆలస్యంగా బయటపడే తప్పుకు ఆ కాగితమే దారి చూపుతుంది.

కాబట్టి మెకానిక్ చవకా ఖరీదా అన్నదానికంటే పని ఎలాంటిదన్నది చూసుకోవడం మేలు. తప్పు చేస్తే రేపటికల్లా తెలిసే పనులు, క్లచ్, సైలెన్సర్, షాకబ్జార్బర్ల బుష్‌లు, డోర్ లాకులు, పక్క షెడ్డులో నిశ్చింతగా చేయించుకోవచ్చు. కొన్నిట్లో సర్వీస్ సెంటర్ కంటే మేస్త్రీ చేయే మంచిది. తప్పు దాక్కునే పనులకు, అంటే బ్రేకుల ద్రవం, టైమింగ్ బెల్టు, ఎయిర్‌బ్యాగ్, మెయిన్ వైరింగ్, గ్యాస్ కిట్ లాంటివాటికి మాత్రం మాన్యువల్ ఉన్నవాడు, పనిముట్టు ఉన్నవాడు, కాగితం రాసేవాడు కావాలి. మంచి మెకానిక్‌ను పట్టించే గుర్తు కూడా ఒకటుంది. "ఇది మా దగ్గర కాదు సార్, ఫలానా చోటికి తీసుకెళ్ళండి" అని అతను ఎప్పుడైనా అన్నాడా లేదా అన్నది. ఏ పనికీ కాదనని మెకానిక్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు షెడ్ల ముందు కరెంటు కార్లు కూడా ఆగుతున్నాయి. వాటి కింద ఉండే పెద్ద బ్యాటరీ చాలా కార్లలో 300 నుంచి 400 వోల్టులు. నారింజ రంగు తొడుగున్న తీగలన్నీ ఆ కరెంటువే. వాటిని ముట్టుకోవాలంటే ముందు సర్వీస్ ప్లగ్ తీయాలి, లోపల కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోయేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి, ఆ తర్వాత మీటరుతో సున్నా వచ్చిందని చూసుకోవాలి, చేతులకు 1,000 వోల్టులు తట్టుకునే తొడుగులుండాలి. విప్పి చూసి, చెడగొట్టి, తిట్లు తిని నేర్చుకోవడమే ఇన్నాళ్ళూ షెడ్డు చదువు. దాక్కునే తప్పులు ఇన్నాళ్ళూ ఆలస్యంగా, ఎక్కడో దూరంగా, ఓనరు మీద పడేవి. నారింజ తీగ దగ్గర తప్పు అప్పటికప్పుడే, పానా పట్టుకున్న కుర్రాడి మీదే పడుతుంది.